మూడు కుర్చీల సెలూన్‌కి వాట్సాప్ బిజినెస్ ఎంతవరకు పనికొస్తుంది?

కూకట్‌పల్లిలోనైనా, దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా మూడు నాలుగు కుర్చీలతో నడిచే సెలూన్ల లెక్క దాదాపు ఒకటే. ఆదివారం నిలబడే జాగా ఉండదు. చాలాచోట్ల మంగళవారం బంద్. బుధ, గురువారాల్లో మధ్యాహ్నం కుర్చీలు ఖాళీ. అద్దె మాత్రం నెల మొత్తానికీ కట్టాలి. ఆదివారం ఇంకొక గిరాకీ పట్టదు కాబట్టి ఆదాయం పెరిగితే ఆ ఖాళీ గంటల్లోనే పెరగాలి. అందుకు ఉచితంగా దొరికే వాట్సాప్ బిజినెస్ యాప్ సరిపోతుందా అంటే, ఈ సైజు షాపుకి సరిపోతుంది. కాకపోతే చాలామంది ఓనర్లు దాన్ని పండగ ఆఫర్లు పంపడానికి వాడుతున్నారు. డబ్బు తెచ్చే భాగం అది కాదు, లేబుల్స్: అంటే గిరాకీల చాట్‌లని గుంపులుగా విడదీయడానికి తగిలించే పేర్లు.

ముందు సిమ్ సంగతి. షాపు పేరున వేరే సిమ్ తీసుకోవాలి, ఫోన్ కౌంటర్ దగ్గరే ఉండాలి. పనిచేసే కుర్రాడి నంబరు మీద ఖాతా తెరిస్తే, అతను పక్క వీధిలో సొంత షాపు పెట్టిన రోజున గిరాకీల జాబితా అంతా అతనితోనే పోతుంది. ఖాతా తెరిచిన వెంటనే, ఇంకొకరు వేరే ఫోన్‌లో దాన్ని తెరవకుండా టూ-స్టెప్ పిన్ పెట్టి, కాంటాక్టులన్నీ షాపు జీమెయిల్‌లో సేవ్ అయ్యేలా చూడాలి.

ఇక లేబుల్స్. యాప్‌లో 20 లేబుల్స్ దాకా పెట్టుకోవచ్చు. 'కొత్త', 'వీఐపీ' లాంటి పేర్లతో ఒరిగేదేమీ లేదు. 'ఒకటో వారం', 'రెండో వారం', 'మూడో వారం', 'నాలుగో వారం' అని పెట్టి, మనిషి ఏ వారంలో కటింగ్ చేయించుకున్నాడో బిల్లు కట్టేటప్పుడే ఆ లేబుల్ తగిలించాలి. నాలుగు వారాలు తిరిగాక, సోమవారం పొద్దున ఆ లేబుల్ తెరిచి అందులోని వాళ్లందరికీ ఒకేసారి మెసేజ్ పంపాలి. మెసేజ్ ఇంత చాలు: 'కటింగ్ చేయించుకుని నాలుగు వారాలైంది. బుధ, గురువారాల్లో 11 నుంచి 4 దాకా వస్తే ఆగే పని లేదు. ఏ టైం రాయమంటారు?' చివర ప్రశ్న ఉండాలి. ప్రశ్న లేని మెసేజ్‌ని చదివి వదిలేస్తారు.

దీని విలువ లెక్క వేస్తే తెలుస్తుంది. నాలుగు వారాలకోసారి వచ్చే మనిషి ఏడాదికి 13 సార్లు వస్తాడు. అయిదు వారాలకు జారితే సగటున 10.4 సార్లే. కటింగ్ 150 రూపాయలు, అలా జారిపోయేవాళ్లు 200 మంది అనుకుంటే ఏడాదికి దాదాపు 80 వేలు. కొత్త గిరాకీ ఒక్కటీ రాకుండానే ఈ డబ్బు రాబట్టవచ్చు. జుట్టుకి రంగు వేయించుకునేవాళ్ల దగ్గర ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. నెలకి సెంటీమీటరు పైగా జుట్టు పెరుగుతుంది కాబట్టి నాలుగైదు వారాలకల్లా కుదుళ్ల దగ్గర తెలుపు కనిపిస్తుంది. వాళ్లకి 'టచప్' అని వేరే లేబుల్ పెట్టాలి. వాడిన షేడ్ నంబరు, ఎన్ని గ్రాములు కలిపారో ఫోన్ కాంటాక్టులోని నోట్స్‌లో రాసి పెట్టాలి. లేదంటే మళ్లీ వచ్చినప్పుడు ఇంకొక కుర్రాడు అంచనాగా కలుపుతాడు. సగం ట్యూబు చాలే చోట ట్యూబంతా పిండేసి, మిగిలింది సింకులో పారబోస్తాడు. డెవలపర్ (రంగు పట్టడానికి అందులో కలిపే ద్రావణం) కలిపిన రంగు మళ్లీ వాడటానికి పనికిరాదు. గ్రాముల్లో తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొంటే ఆ ఖర్చు త్వరలోనే తిరిగొస్తుంది.

హైదరాబాద్‌లో తప్పక పెట్టాల్సిన లేబుల్ ఇంకొకటుంది: 'అయ్యప్ప మాల'. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్లు కటింగ్, షేవింగ్ చేయించుకోరు. మాలలో ఉన్న స్వామికి 'కటింగ్ టైం అయింది' అని మెసేజ్ వెళ్తే నొచ్చుకుంటాడు, అది న్యాయమే. మాల వేసుకున్నారని తెలియగానే వారం లేబుల్ తీసేసి ఇది పెట్టాలి. మకరజ్యోతి అయ్యాక ఈ లేబుల్‌కి ఒక పలకరింపు పంపితే జనవరి చివరి వారం నిండుతుంది. అలాగే రంజాన్ నెలలో ఇఫ్తార్ టైంకి ఎవరినీ రమ్మనకూడదు. ఆ నెల గిరాకీ రాత్రిళ్లకి మారుతుంది, పనివాళ్ల షిఫ్టులు కూడా దానికి తగ్గట్టు మార్చాలి.

యాప్‌లో పెద్ద లోపం బ్రాడ్‌కాస్ట్‌లో, అంటే ఒకే మెసేజ్‌ని చాలామందికి ఒకేసారి పంపే పద్ధతిలో ఉంది. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది, ఒక లిస్టులో 256 మందే పడతారు. 'మెసేజ్‌లు పంపినా ఎవరూ రావట్లేదు' అనే ఓనర్లలో చాలామందికి అసలు సంగతి ఇదే: మెసేజ్ అవతలివాళ్లకి చేరనే లేదు. అందుకని యాప్ ఇచ్చే క్యూఆర్ కోడ్ ప్రింటు తీయించి ప్రతి అద్దం మూలనా అతికించాలి, పేమెంట్ స్కానర్ పక్కన మాత్రం వద్దు, రెండూ కలిసిపోతాయి. కుర్చీలో కూర్చున్న మనిషి చేతిలో ఫోన్ ఎలాగూ ఉంటుంది. స్కాన్ చేయించి, నంబరు అక్కడికక్కడే సేవ్ చేయించాలి. మెసేజ్‌లు పంపమంటారా అని కూడా అడగాలి. అడగకుండా పంపితే జనం రిపోర్ట్ కొడతారు, రిపోర్టులు పెరిగితే నంబరే బ్యాన్ అవుతుంది.

గ్రీటింగ్ మెసేజ్ మొదటిసారి రాసినవాళ్లకీ, 14 రోజులు మాటల్లేక మళ్లీ రాసినవాళ్లకీ దానంతటదే వెళ్తుంది. అందులో రేట్లు, సెలవు రోజు, లొకేషన్ పెడితే చాలు. కేటలాగ్‌లో పది పన్నెండు పనులకు మించి వద్దు. ఆడవాళ్ల రేట్లు జుట్టు పొడవు బట్టి విడివిడిగా రాయాలి. 'కలర్ 800 నుంచి' అని పెడితే నడుము దాకా జడ ఉన్నావిడతో కౌంటర్ దగ్గర గొడవ ఖాయం.

డిస్కౌంట్ విషయంలో తొందర వద్దు. 150 కటింగ్‌లో కుర్రాడి కమీషన్ 60, బ్లేడు, టిష్యూ, కరెంటు కలిపి 15 అనుకుంటే మిగిలేది 75. ఇరవై శాతం తగ్గిస్తే 30 పోయి మిగిలేది 45. గిరాకీకి కనిపించేది ఇరవై శాతం, ఓనరుకి తగిలేది నలభై. దానికి బదులు బుధ, గురువారాల్లో పది నిమిషాల హెడ్ మసాజ్ ఇవ్వడం మేలు. ఆ టైంలో కుర్రాడు ఎలాగూ ఖాళీగానే ఉంటాడు.

అపాయింట్‌మెంట్ల దగ్గర యాప్ చేతులెత్తేస్తుంది. క్యాలెండర్ లేదు. ఫోన్‌తో పాటు ఇంకో నాలుగు డివైజులు కలపొచ్చు కానీ, ఇద్దరు రెండు చోట్ల నుంచి జవాబిస్తే ఆరు గంటల కుర్చీ ఇద్దరికి ఖాయమైపోతుంది. దీనికి మందు పాత పద్ధతే: కౌంటర్ మీద ఒక పెద్ద రిజిస్టరు, అడ్డంగా కుర్చీలు, నిలువుగా అరగంటలు. రిజిస్టరులో రాశాకే వాట్సాప్‌లో 'సరే' అనాలి. రంగు, ఫేషియల్ లాంటి పెద్ద పనులకు కొంత అడ్వాన్స్ యూపీఐలో తీసుకుంటే చెప్పి రానివాళ్లు తగ్గుతారు.

కుర్చీలు అయిదు దాటినా, ఎవరు ఎంత పని చేశారో కమీషన్ లెక్క నెలాఖరున తేలకపోయినా, డబ్బు పెట్టి సెలూన్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాల్సిందే. ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, అప్పుడు బిల్లింగ్ ఎలాగూ కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ సేవల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది, కానీ కొన్న సరుకు మీద కట్టిన పన్నుకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే దాన్ని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేం. సాఫ్ట్‌వేర్ డెమోకి వచ్చినవాడు ఇంకా పాత రేటుతో బిల్లు కొట్టి చూపిస్తే అక్కడే ఆపేయండి. కొనేముందు మూడు అడగండి: గిరాకీల జాబితా మొత్తం ఎక్సెల్‌లో ఎప్పుడైనా తీసుకోవచ్చా, మెసేజ్‌ల ఖర్చు చందాలో కలిసే ఉందా, వాడిన రంగు, క్రీములు స్టాకు లెక్కలో గ్రాముల్లో తగ్గుతాయా లేక ట్యూబుల లెక్కనా. మొదటిదానికి 'లేదు' అంటే మిగతావి అడగనక్కర్లేదు.