పాత కీబోర్డు: అమ్మేయడం మేలా, ఉంచుకోవడం మేలా?

పోయిన వారం కావలి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలకు వెళ్తాడు. దగ్గరున్నది యమహా పీఎస్ఆర్-ఐ455 కీబోర్డు. ఇప్పుడు పెద్దది కొనాలనుకుంటున్నాడు. "అన్నా, షాపులో పాతది ఎక్స్చేంజ్‌కి తీసుకుంటామంటున్నారు. ఇచ్చేయనా, అమ్ముకోనా, ఇంట్లోనే ఉంచనా?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ విషయంలో నేను ఒక తప్పు చేశాను. అది ఇప్పటికీ బాధిస్తుంది.

నా దగ్గర రోలాండ్ ఎక్స్‌పీ-50 ఉండేది. సింథసైజర్, అంటే శబ్దాలను మనమే మలుచుకోగలిగే కీబోర్డు. 1995లో వచ్చిన మోడల్. చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొని, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు దాకా పక్కనే కూర్చుని తెచ్చుకున్నాను. అందులో మనం సొంతంగా చేసుకున్న టోన్లు, అంటే వాయిద్యాల శబ్దాలు, 128 దాకా దాచుకోవచ్చు. ఏడెనిమిదేళ్లలో నేను సగం పైనే నింపాను. వాటిలో నాకు ప్రాణమైనది నాటకాల హార్మోనియం. మా వైపు పల్లెల్లో పౌరాణిక నాటకాలకు కాలి హార్మోనియం వాయించే పెద్దాయన దగ్గర నేను పని నేర్చుకున్నాను. కంపెనీ ఇచ్చిన హార్మోనియం టోన్ పెడితే ఆయనకు నచ్చేది కాదు. రెండు రీడ్ల శబ్దాలు తీసుకుని, ఒకదాని శ్రుతి వెంట్రుకవాసి పక్కకు జరిపి, కింది స్థాయి కొంచెం కలిపి, తిత్తి ఊదినప్పుడు వచ్చే ఆ గాలి బరువు వచ్చేదాకా నెలల తరబడి సవరించాను. ఒకరోజు రిహార్సల్‌లో ఆయన కళ్లు మూసుకుని విని, "ఇప్పుడు పద్యం ఎత్తుకోవచ్చురా" అన్నారు.

ఆ కీబోర్డుని అమ్మేశాను. డబ్బు అవసరమై కాదు. కొత్తది వచ్చింది, ఇది బరువు, ఫ్లాపీలు దొరకడం లేదు అని నాకు నేనే చెప్పుకుని, అడిగిన మొదటి మనిషికి ఇచ్చేశాను. టోన్లను ఫ్లాపీలో సేవ్ చేసి పక్కన పెట్టుకోవాలని కూడా తోచలేదు. తర్వాతి నాటకానికి వెళ్తే పెద్దాయన అడిగారు, "ఆ హార్మోనియం ఏదిరా?" అని. కొత్త కీబోర్డులో మళ్లీ కట్టడానికి ఎన్నో రాత్రులు కూర్చున్నాను. దగ్గరి దాకా వచ్చింది కానీ అది రాలేదు. ఏ అంకె ఎంత పెట్టానో ఎక్కడా రాసుకోలేదు.

అందుకే అమ్మాలా వద్దా అన్నప్పుడు నేను మొదట అడిగేది ధర కాదు. అందులో నీ చేత్తో కట్టినది ఏమన్నా ఉందా? ఉంటే, ముందు దాన్ని బయటికి తీసి దాచుకో. ఎక్స్‌పీ-50 లాంటి సింథసైజర్‌కీ ఐ455 లాంటి హోమ్ కీబోర్డుకీ అసలు తేడా ఇక్కడే ఉంది. ఐ455లో సితార్, తబలా, హార్మోనియం టోన్లు చక్కగా ఉంటాయి, తంబూరా వేసుకుని సాధన చేసుకోవడానికి రియాజ్ అని ఒక సదుపాయం కూడా ఉంది. కానీ అవి ఆ మోడల్ ఏ పీసులోనైనా ఒకటే. ఒకటి పోతే ఇంకొకటి కొన్నా అవే మోగుతాయి. నా ఎక్స్‌పీ-50 అలా కాదు. అదే మోడల్ ఇంకొకటి ఇప్పుడు కొన్నా అందులో నా హార్మోనియం ఉండదు.

ఉంచుకుంటే రేటు పెరుగుతుందని చాలామంది ఆశపడతారు. దానికి కారణమైన కథలు నిజమైనవే. 1983లో యమహా డీఎక్స్7 అనే డిజిటల్ సింథసైజర్ వచ్చాక పాత అనలాగ్ సింథసైజర్లను ఎంతోమంది చవగ్గా వదిలించుకున్నారు. బేస్ శబ్దాలు ఇచ్చే చిన్న పెట్టె రోలాండ్ టీబీ-303ని 1984కే ఆపేశారు, పెద్దగా ఎవరూ కొనలేదని. సెకండ్ హ్యాండ్ షాపుల్లో కొద్ది డాలర్లకు దొరికిన దాన్ని షికాగో కుర్రాళ్లు పట్టుకుని కొత్త సంగీతమే పుట్టించారు. ఆ తర్వాత దాని రేటు అందనంత ఎత్తుకు పోయింది. 1981లో ఆగిపోయిన మినీమూగ్ సింథసైజర్‌ని జనం అడిగీ అడిగీ 2016లో మళ్లీ తయారు చేయించుకున్నారు. అయితే వీటిని చూసి మన పీఎస్ఆర్‌లూ క్యాసియోలూ బంగారమైపోతాయని దాచిపెట్టడం సరికాదు. ఇలాంటి హోమ్ కీబోర్డులు లక్షల్లో తయారవుతాయి. రేటు కోసమే అయితే ఈ ఏడాదే అమ్మేయడం మేలు, వచ్చే ఏడాది ఇంకా తగ్గుతుంది.

ఉంచుకోవడం వల్ల ఒక ఇల్లు నిలబడిన సంగతి మాత్రం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. ఏ.ఆర్. రెహమాన్ తండ్రి ఆర్.కె. శేఖర్ 1976లో పోయారు. అప్పటికి రెహమాన్‌కి తొమ్మిదేళ్లు. వాయిద్యాలన్నీ అమ్మేసి వడ్డీ మీద బతకమని చుట్టూ ఉన్నవాళ్లు చెప్పినా ఆ తల్లి అమ్మలేదు. అద్దెకిస్తూ సంసారం నడిపారు. ఆ వాయిద్యాలు మూలన పడి లేవు, రోజూ ఎక్కడో ఒకచోట మోగుతూ ఉన్నాయి. ఉంచుకోవడం అంటే అదీ.

మనం చేసేది వేరు. గుడ్డ చుట్టి అటక మీద పెడతాం. అది ఉంచుకోవడం కాదు, నెమ్మదిగా పారేయడం. కీ కింద రబ్బరు బుడిపెలు ఉంటాయి, వాటికి నల్లటి కార్బన్ పూత. ఒక్కో కీకి రెండు కాంటాక్టులు. మొదటిది తగలడానికీ రెండోది తగలడానికీ మధ్య ఎంత సమయం పట్టిందో చూసి మనం గట్టిగా నొక్కామా మెల్లగా నొక్కామా అన్నది కీబోర్డు తేల్చుకుంటుంది. కొత్తపట్నం, మైపాడు వైపు సముద్రపు గాలికి అక్కడ చెమ్మ, దుమ్ము చేరితే కొన్ని కీలు పలకవు, కొన్ని ఒక్కసారిగా అరుస్తాయి. "కీబోర్డు పోయింది" అని మూలన పడేసినవాటిలో చాలా వాటికి విప్పి ఆ కాంటాక్టులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. పాత సింథసైజర్లలో లోపల నాణెం లాంటి బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే దాచుకున్న టోన్లన్నీ పోతాయి. ఇక 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీళ్లలో నానిన వాయిద్యాలను నెల్లూరులో నేనే చూశాను, అవి మళ్లీ పలకలేదు.

అడాప్టర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాత క్యాసియోలు చాలా వాటికి 9 వోల్టులు, పిన్ మధ్యలో మైనస్. యమహా హోమ్ కీబోర్డులు చాలా వాటికి 12 వోల్టులు, మధ్యలో ప్లస్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. మా ఊళ్లలో ఏ కీబోర్డునైనా క్యాసియో అనే అంటారు కాబట్టి ఎవరో ఒకరు దేని వైరు దేనికో పెట్టేస్తారు. ఇలాగే మా టీమ్‌లో ఒక మంచి కీబోర్డు స్టేజీ మీదే చచ్చిపోయింది.

కొందరు పాతది అమ్మేసి ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటున్నారు. డీఎక్స్7 శబ్దాలకి డెక్స్‌డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. 1988 నాటి కోర్గ్ ఎం1 కీబోర్డుని కోర్గ్ వాళ్లే సాఫ్ట్‌వేర్‌గా ఇచ్చారు. ఇంట్లో రికార్డింగ్‌కి ఇదే మేలు, సందేహం లేదు. పల్లెలో స్టేజీ మీద మాత్రం నాకు ధైర్యం చాలదు. కరెంటు పోయి వస్తే కీబోర్డు కొన్ని సెకన్లలో సిద్ధమవుతుంది. ల్యాప్‌టాప్ తెరుచుకునే లోపు గాయకుడు పల్లవి దాటేస్తాడు. ఆ టెన్షన్ నాకు వద్దు.

ఎక్స్చేంజ్ నాకు అన్నిటికన్నా తక్కువగా కనిపిస్తుంది. తిరిగే పని తప్పుతుంది, అంతే. షాపువాళ్లు మళ్లీ అమ్ముకోవాలి కాబట్టి మనకిచ్చేది తక్కువే. అది ఎవరి చేతికి వెళ్లిందో మనకు ఎప్పటికీ తెలియదు. నా ఎక్స్‌పీ-50 కొన్నవాళ్ల నంబరైనా ఉండి ఉంటే, ఆ హార్మోనియం ఒక్కటి కాపీ చేసుకోనివ్వమని బతిమాలుకునేవాణ్ని.

కాబట్టి తమ్ముడికి చెప్పింది ఇది. నీ ఐ455లో పోగొట్టుకునే టోన్ ఏదీ లేదు, అమ్మినా నాలాగా బాధపడవు. కానీ వచ్చే ఆ కొద్ది డబ్బుతో నీ కొత్త కీబోర్డు ఖర్చులో పెద్ద తేడా కూడా రాదు. ఇంట్లో నేర్చుకునేవాళ్లు ఎవరన్నా ఉన్నారా? అక్క కూతురు ఉందట, ఆరో తరగతి, చర్చిలో పాడుతుందట, ఫోన్‌లో పియానో యాప్ మీద వాయించుకుంటోందట. అయితే పాపకివ్వు, నీకు కావాలంటే పండగ ప్రోగ్రాములకి రెండో కీబోర్డుగా తెచ్చుకోవచ్చు అన్నాను. ఈ ఆదివారం సర్వీసు అయ్యాక ఇచ్చి వస్తానన్నాడు. అడాప్టర్ మీద "యమహా, 12 వోల్టులు" అని తెల్ల పెయింటుతో రాసి ఇవ్వమని చెప్పి ఫోన్ పెట్టాను.