బెడ్ అలారం ప్యాడ్: వార్డులో వాడాక నా అభిప్రాయం

పెద్ద వయసు పేషెంట్లే ఎక్కువగా ఉండే మెడికల్ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. మంచం దిగుతూ పడిపోయే వాళ్ల కోసం మా వార్డుకి బెడ్ అలారం ప్యాడ్లు తెప్పించారు. అవి చూసి పేషెంట్ల పిల్లలు "సిస్టర్, మేమూ ఒకటి కొని తెస్తే మా అమ్మకి వేస్తారా?" అని అడుగుతున్నారు. అడిగిన ప్రతివాళ్లకీ డ్యూటీ మధ్యలో నిలబడి వివరంగా చెప్పడం కుదరట్లేదు, అందుకే రాస్తున్నాను.

ఇది పలచటి ప్లాస్టిక్ ప్యాడ్. పరుపు మీద వేసి పైన దుప్పటి పరుస్తాం. లోపల బరువుని కనిపెట్టే సెన్సర్ ఉంటుంది. దాని వైరు మంచానికి తగిలించిన చిన్న పెట్టెలోకి వెళ్తుంది. మనిషి బరువు ప్యాడ్ మీద నుంచి తొలగగానే పెట్టె మోగుతుంది. బ్యాటరీతో నడుస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమైపోతుంది. వెంటనే మోగాలా, ఒకటి రెండు సెకన్లు ఆగి మోగాలా అన్నది మనమే పెట్టుకోవచ్చు. వస్తువుగా గట్టిదే, ఆ విషయంలో ఫిర్యాదేమీ లేదు.

కష్టమంతా వాడకంలో ఉంది. ప్యాడ్‌తో వచ్చిన కాగితంలో తుంటి కింద వెయ్యమని రాశారు. అక్కడ వేస్తే పేషెంట్ లేచి కూర్చుని, కాళ్లు కిందికి వదిలి, నిలబడబోయేదాకా అది మోగదు. మోగి, నేను విని పరుగెత్తేసరికి ఆ పేషెంట్ అప్పటికే నేల మీద నిలబడి తూలుతూ ఉంటుంది. భుజాల కింద వేస్తే తల ఎత్తగానే మోగుతుంది, కానీ పక్కకి ఒత్తిగిలినా మోగుతుంది. రాత్రంతా ఇలా ఉత్తినే మోగుతూ ఉంటే పక్క మంచాల వాళ్లకి నిద్ర ఉండదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మాటిమాటికీ ఊరికే మోగే చప్పుడుకి ఎవరి చెవైనా అలవాటు పడిపోతుంది, నిజంగా లేచినప్పుడు మోగినా కాళ్లు అంత వేగంగా కదలవు.

మరీ బక్కచిక్కిన వాళ్ల బరువుని ఇది ఒక్కోసారి గుర్తించదు కూడా. ఎవరి కోసమని కొన్నామో వాళ్ల దగ్గరే ఇలా అయితే ఎలా? పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు మీద కూడా సరిగ్గా పనిచెయ్యదు.

ఒక మామ్మగారి సంగతి తప్పకుండా చెప్పాలి. కదిలితే మోగుతుందని, మోగితే అందరూ తన వైపే చూస్తారని భయపడి ఆవిడ రాత్రంతా ఒకే వైపు బిగుసుకుని పడుకుంది. తెల్లవారి పక్క సర్దుతుంటే నడుము కింద చర్మం ఎర్రగా కంది ఉంది. ఆవిడకి మతి స్పష్టంగా ఉంది, కాల్ బెల్ నొక్కడం తెలుసు. అలాంటి మనిషికి ఈ ప్యాడ్ వెయ్యనే కూడదని నా అభిప్రాయం.

అసలు వీళ్లు ఎందుకు లేస్తారు? నేను చూసినంతలో చాలావరకు బాత్రూం కోసమే. నీరు పోవడానికి మాత్ర వేసుంటాం, సెలైన్ ఎక్కుతూ ఉంటుంది. అర్జంటుగా వస్తుంది, కానీ పిలవరు. "ఆ పిల్ల ఒక్కత్తే, ఎన్ని మంచాలని చూసుకుంటుంది" అని నర్సుల మీద జాలిపడి తామే లేస్తారు. లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు, ఇంకా ఎక్కువ కూడా పడిపోయే వాళ్లుంటారు, కళ్లు తిరుగుతాయి. దానికి నిద్రమాత్ర మత్తు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. వీటిలో ఒక్కదాన్నీ ప్యాడ్ ఆపలేదు.

దీని మీద పరిశోధన కూడా జరిగింది. అమెరికాలో ఒక ఆసుపత్రిలోని 16 వార్డుల్లో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. కొన్ని వార్డుల్లో నర్సులకి శిక్షణ ఇచ్చి అలారంల వాడకం బాగా పెంచారు. వాడకం పెరిగింది గానీ, పడిపోయే వాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2020లో వచ్చిన ఇంకో అధ్యయనం బోస్టన్, న్యూయార్క్‌లలోని మూడు ఆసుపత్రుల్లో 14 వార్డుల్లో జరిగింది. ఈ పేషెంట్ ఎందుకు పడే అవకాశం ఉంది, దానికి ఏం చెయ్యాలి అన్నది నర్సు, పేషెంట్, ఇంటివాళ్లు కలిసి మాట్లాడుకునే పద్ధతి పెట్టారు. ఆ వివరాలు మంచం దగ్గరే అందరికీ కనబడేలా ఉంచారు. పడిపోవడాలు 15 శాతం, దెబ్బలు తగిలిన పడిపోవడాలు 34 శాతం తగ్గాయి. అది చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది, మాట్లాడటం కూడా వైద్యమే అని ఎవరో లెక్కలతో చూపించినట్టయింది.

మా దగ్గర రాత్రి రౌండులో "ఏమైనా కావాలా?" అని అడగడం మానేశాం. అలా అడిగితే "ఏం వద్దమ్మా" అనే అంటారు. "రండి, బాత్రూంకి వెళ్లొద్దాం" అంటే లేస్తారు. మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి, పాదాలు పైకీ కిందికీ ఆడించమని, కళ్లు తిరగట్లేదని చెప్పాకే నిలబెడతాం.

మరి ప్యాడ్ ఎవరికి పనికొస్తుంది? ఇన్‌ఫెక్షన్ వల్లో, ఆపరేషన్ తర్వాతో మతి గందరగోళమై, బెల్ ఉందన్న సంగతే గుర్తుండని వాళ్లకి పనికొస్తుంది, అదీ చెయ్యి చాపితే అందేంత దగ్గరలో మనిషి ఉంటేనే. ఒక పెద్దాయన జ్వరం మత్తులో అర్ధరాత్రి ఆఫీసుకి టైమైందని లేచేవారు. ఆయనకి ప్యాడ్ భుజాల కింద వేశాం, మంచం బాగా కిందికి దించాం. అది మోగగానే పక్కనే పడుకున్న కూతురు లేచి "నాన్నా, ఇవాళ సెలవు" అంటూ చెయ్యి పట్టుకునేది. అక్కడ ఈ వస్తువు నిజంగా కాపాడింది. ఇలాంటి వాళ్లకి మంచం పక్కల ఉండే కమ్మీలు (సైడ్ రెయిల్స్) అన్నీ మాత్రం ఎత్తకండి. వాటి మీదుగా దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు.

ఇంటివాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. "అలారం వేశాం కదా, ఇక లేవనివ్వకండి" అంటారు కొందరు. దయచేసి అలా అనకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లనే పది రోజులు మంచానికి పరిమితం చేసి చూసిన అధ్యయనం 2007లో వచ్చింది. వాళ్ల కాళ్లలో సగటున దాదాపు కిలో కండ పోయింది. ఇక జబ్బు మనిషి సంగతి ఊహించండి. కాళ్లలో బలం పోయాక ఇంటికెళ్లిన మర్నాడే పడతారు. తోడు ఉండి పగలు నాలుగు అడుగులు నడిపించాల్సిందే.

5కి 2.5 ఇస్తాను. కొనే పనైతే మంచం పక్కన గట్టిగా అరిచే రకం వద్దు, చప్పుడు నర్సుల టేబుల్ దగ్గరో, తోడున్న వాళ్ల దగ్గరున్న రిసీవర్‌లోనో మోగే రకం చూడండి. బ్యాటరీ అయిపోతుంటే హెచ్చరించాలి. తెచ్చాక మీ మనిషి బరువుకి మోగుతోందో లేదో పగలే లేపి చూడండి. వీటన్నిటికంటే ముందు, మంచాన్ని నర్సుల టేబుల్‌కి దగ్గరగా మార్చగలరా అని వార్డు సిస్టర్‌ని అడగండి. ఖాళీ ఉంటే మేం కాదనం.