ముక్కు వెనుక క్యాన్సర్: ఏ పరీక్ష మేలు, ఏ చికిత్స మేలు?

ముక్కు రంధ్రాలు వెనక్కి వెళ్లి గొంతులో కలిసే చోటును నాసోఫారింక్స్ అంటారు. అది పుర్రె అడుగుభాగానికి ఆనుకుని ఉంటుంది. అక్కడ పుట్టే క్యాన్సర్ చాలామందిలో మెడలో గడ్డగానో, ఒక చెవి మూసుకుపోయినట్టుగానో, చీమిడిలో రక్తపు చారగానో బయటపడుతుంది. కత్తికి సులువుగా అందని చోటు కాబట్టి ప్రధాన చికిత్స రేడియేషనే. అదృష్టవశాత్తూ ఈ క్యాన్సర్ రేడియేషన్‌కూ కీమోకూ బాగా లొంగుతుంది. రోగులూ ఇంట్లోవాళ్లూ అడిగే ప్రశ్నలు ఎక్కువగా ‘ఇదా, అదా’ అనే ఉంటాయి. కొన్నింటికి జవాబు వెంటనే చెప్పొచ్చు. మరికొన్నింటికి రిపోర్టులో టీ (కణితి ఎంత పాకింది), ఎన్ (లింఫు గ్రంథులకు ఎంత చేరింది) పక్కనున్న అంకెలు చూడనిదే ఎవరూ చెప్పలేరు.

బయాప్సీ మెడ నుంచా, ముక్కులోంచా?

ముక్కులోంచే. మెడలో గడ్డ కనిపించగానే దాన్ని కోసి తీసి పరీక్షకు పంపడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. గడ్డను అలా కోసి తీస్తే మెడ కణజాలంలో సహజంగా ఉండే పొరలు చెదిరిపోతాయి, కణితి కణాలు కోత దారిలో పడే ప్రమాదం ఉంటుంది, ఆ మచ్చను కూడా కలుపుకుని రేడియేషన్ ప్లాన్ వేయాల్సి వస్తుంది. ఇంతా చేసి అసలు కణితి ఎక్కడుందో తేలదు. మెడ గడ్డకు సన్నని సూది పరీక్ష సరిపోతుంది. అందులో క్యాన్సర్ కణాలు కనిపిస్తే, కోతకు ఒప్పుకునే ముందే ఈఎన్‌టీ డాక్టరు చేత ఎండోస్కోపీ చేయించుకోవాలి. ముక్కుకు మత్తు మందు స్ప్రే కొట్టి, సన్నని గొట్టం పంపి, చెవి గొట్టం తెరుచుకునే చోటు వెనకున్న గుంటలోంచి చిన్న ముక్క తీస్తారు. ఈ క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది ఆ గుంటలోనే. కాస్త రక్తం కారి ఆగిపోతుంది. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

బయాప్సీలో ఏమీ లేదని వచ్చినా అనుమానం పూర్తిగా తీరినట్టు కాదు. కణితి పైపొర కింద దాక్కుంటే పైపైన తీసిన ముక్కలో దొరకదు. ఎంఆర్‌ఐలో ఒక పక్క మందంగా కనిపిస్తున్నా, ఒకే చెవిలో నీరు చేరి వారాల తరబడి తగ్గకపోయినా, లోతుగా మళ్లీ ముక్క తీయమని అడగండి.

ఎంఆర్‌ఐ, సీటీ, పెట్-సీటీ: మూడూ అవసరమా?

కణితి ఎంతవరకు పాకిందో చెప్పడానికి ఎంఆర్‌ఐని మించింది లేదు. పుర్రె అడుగు ఎముకలోని మజ్జలోకి, నరాల వెంబడి, గొంతు వెనకున్న లింఫు గ్రంథుల్లోకి చేరిన వ్యాధి సీటీ కంటే ఎంఆర్‌ఐలోనే స్పష్టంగా కనబడుతుంది. పేస్‌మేకర్ వంటివి ఉండి ఎంఆర్‌ఐ కుదరనప్పుడు మందు ఎక్కించి తీసిన సీటీతో సర్దుకోవాలి.

పెట్-సీటీ పని వేరు. వ్యాధి ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో చేరిందా అని అది చూస్తుంది. పెట్‌లో చక్కెర లాంటి మందు ఎక్కించి అది ఎక్కడ పేరుకుందో చూస్తారు. మెదడు సహజంగానే చక్కెరను బాగా పీల్చుకుంటుంది కాబట్టి, దాని పక్కనే ఉన్న పుర్రె అడుగుభాగం పెట్‌లో సరిగా తేలదు. అందుకే పెట్ చేయించామని ఎంఆర్‌ఐ మానకూడదు. మెడ గడ్డలు పెద్దవిగా ఉన్నా, రెండు పక్కలా ఉన్నా, మెడ కింది భాగానికి దిగినా పెట్-సీటీ తప్పనిసరిగా చేయించుకోవడం మంచిది. చికిత్స తర్వాత ఎలా ఉందో చూడటానికైతే దాదాపు 12 వారాలు ఆగాలి. అంతకన్నా ముందు తీస్తే రేడియేషన్ వల్ల వచ్చిన వాపే వ్యాధిలా వెలుగుతుంది, ఉత్తపుణ్యానికి కంగారు.

రక్తంలో ఈబీవీ: యాంటీబాడీ పరీక్షా, డీఎన్‌ఏ పరీక్షా?

ఈ క్యాన్సర్‌లో కెరటిన్ (చర్మంలో, గోళ్లలో ఉండే ప్రోటీన్) లేని రకానికి ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో (ఈబీవీ) గట్టి సంబంధం ఉంది. అయితే పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ సోకే ఉంటుంది. కాబట్టి మామూలు ఐజీజీ యాంటీబాడీ పాజిటివ్ అని వస్తే దానికి అర్థమేమీ లేదు. పనికొచ్చేది ప్లాస్మాలో ఈబీవీ డీఎన్‌ఏ ఎన్ని కాపీలుందో లెక్కపెట్టే పరీక్ష. మొత్తం రక్తంలో కాదు, ప్లాస్మాలోనే చేయాలి. ఎందుకంటే ఆరోగ్యవంతుల తెల్లకణాల్లోనూ వైరస్ నిద్రాణంగా ఉంటుంది, మొత్తం రక్తంతో చేస్తే అది కూడా లెక్కలో కలిసిపోతుంది. ల్యాబుకీ ల్యాబుకీ అంకెలు మారతాయి కాబట్టి ప్రతిసారీ ఒకే చోట చేయించండి.

హాంకాంగ్‌లో 20 వేలకు పైగా మగవారిని ఈ పరీక్షతో జల్లెడ పట్టి 2017లో ఫలితాలు ప్రచురించారు. అలా దొరికినవారిలో 71 శాతం మంది తొలి రెండు దశల్లోనే ఉన్నారు, మామూలుగా అక్కడ ఆ దశల్లో దొరికేది 20 శాతమే. ఇది వ్యాధి ఎక్కువగా ఉండే ప్రాంతంలో వచ్చిన ఫలితం. అరుదుగా ఉండే చోట అందరికీ ఈ పరీక్ష చేయమని అర్థం కాదు. వ్యాధి ఉన్నవారికి మాత్రం చికిత్సకు ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి చేయించడం చాలా విలువైనది. రేడియేషన్ పూర్తయ్యాక కూడా డీఎన్‌ఏ కనిపిస్తుంటే వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎక్కువ. అయితే చిన్న కణితుల్లో మొదటినుంచీ సున్నా రావచ్చు. సున్నా వచ్చిందని ఎండోస్కోపీ మానొద్దు.

రేడియేషన్ ఒక్కటే చాలా, కీమో కూడా కావాలా?

ముందు ఒక జాగ్రత్త. 2025 నుంచి స్టేజీల లెక్క మారింది. పాత లెక్కలో రెండో స్టేజీ అనిపించుకున్న కొందరు కొత్త లెక్కలో ఒకటిలోకి వచ్చారు. కణితి దూరపు అవయవాలకు పాకనివారెవరూ ఇప్పుడు నాలుగో స్టేజీలో లేరు. కాబట్టి పాత వ్యాసాల్లో స్టేజీ అంకె చూసి పోల్చుకోకండి. మీ టీ ఎంత, ఎన్ ఎంత అని డాక్టర్ని అడిగి రాసుకోండి.

కణితి చిన్నదై, మెడలో గడ్డలు లేకపోతే రేడియేషన్ ఒక్కటే చాలు. మొత్తం సుమారు 70 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), 33 నుంచి 35 విడతలు, వారానికి అయిదు రోజులు, దాదాపు ఏడు వారాలు.

చిక్కంతా మధ్యస్థంగా ఉన్నవారి దగ్గరే. 2022లో వచ్చిన ఒక చైనా అధ్యయనంలో ఇలాంటి 341 మందిని రెండు గుంపులు చేశారు. మూడేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు రేడియేషన్ మాత్రమే తీసుకున్న గుంపులో 90.5 శాతం, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కలిపి తీసుకున్న గుంపులో 91.9 శాతం. తేడా దాదాపు లేదు. తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం 17 శాతానికి బదులు 46 శాతం. అంటే వీళ్లకు కీమో ఇచ్చి లాభం లేకపోగా బాధ మిగిలింది. అయితే అందులో చేర్చుకున్నది గడ్డలు 3 సెంటీమీటర్ల లోపు ఉండి, గ్రంథి గోడ దాటకుండా, ఈబీవీ డీఎన్‌ఏ మిల్లీలీటరుకు 4000 కాపీల లోపు ఉన్నవారినే. ఈ మూడింటిలో ఒకటి తప్పినా ఆ ఫలితం మీకు వర్తించదు. ఈబీవీ డీఎన్‌ఏ చేయించకుండా ‘కీమో వద్దులే’ అనుకోవడం మాకు సమ్మతం కాదు.

కణితి నరాల్లోకి చొరబడినా, మెడకు రెండు వైపులా గడ్డలున్నా కీమో కలపాల్సిందే.

కీమో ముందు ఇవ్వాలా, తర్వాతా?

రోగులకు ఎక్కువ తేడా తెచ్చే ప్రశ్న ఇదే.

1998లో ప్రచురించిన అమెరికా అధ్యయనం రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్, ఆ తర్వాత మూడు విడతలు సిస్‌ప్లాటిన్-ఫ్లోరోయురాసిల్ ఇచ్చింది. మూడేళ్లకు బతికున్నవారు 78 శాతం, రేడియేషన్ మాత్రమే తీసుకున్నవారిలో 47 శాతం. ఆ దెబ్బతో ప్రపంచమంతా కీమో కలపడం మొదలుపెట్టింది. కానీ చివరి మూడు విడతలూ పూర్తి చేయగలిగినవారు 55 శాతమే. ఏడు వారాల రేడియేషన్ తర్వాత నోరంతా పుండ్లయి, బరువు తగ్గి, నీరసించిన మనిషికి మళ్లీ గట్టి కీమో ఎక్కించడం ఎంత కష్టమో ఆ అంకే చెబుతుంది.

2019లో వచ్చిన చైనా అధ్యయనం క్రమాన్ని తిప్పేసింది. శరీర వైశాల్యం చదరపు మీటరుకు 1000 మిల్లీగ్రాముల చొప్పున జెమ్‌సిటాబిన్ మొదటి, ఎనిమిదో రోజుల్లోనూ, 80 మిల్లీగ్రాముల సిస్‌ప్లాటిన్ మొదటి రోజునా, మూడు వారాలకొకసారి మూడు విడతలు ఇచ్చారు. ఆ తర్వాతే కీమోతో కలిపి రేడియేషన్. మూడు విడతలూ పూర్తి చేసినవారు 96.7 శాతం. మూడేళ్లకు వ్యాధి తిరగబెట్టనివారు 85.3 శాతం, ముందు కీమో లేనివారిలో 76.5 శాతం. ఒంట్లో శక్తి ఉన్నప్పుడే పూర్తి మోతాదు పడుతుంది, కంటికి కనబడని కణాలపై మొదటే దెబ్బ పడుతుంది. వ్యాధి ముదిరినవారికి మా ఓటు దీనికే.

దీనికీ మూల్యం ఉంది. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఎనిమిదో రోజు మందుకు ముందు రక్తపరీక్ష తప్పదు. జ్వరం 38 డిగ్రీలు దాటితే మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూడకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకో పొరపాటు దీనికన్నా ప్రమాదకరం. రెండు విడతలకే మెడ గడ్డ కరిగిపోతుంది, ముక్కు తెరుచుకుంటుంది, ‘తగ్గిపోయింది కదా, రేడియేషన్ ఎందుకు?’ అని కొందరు ఆగిపోతారు. కీమో ఒక్కటే ఈ వ్యాధిని నయం చేయదు. ఆగితే అది తిరిగి వస్తుంది, ఈసారి మందులకు లొంగకపోవచ్చు. మూడో విడత తర్వాత మూడు, నాలుగు వారాల్లో రేడియేషన్ మొదలయ్యేలా తల కదలకుండా పట్టే మాస్కు, ప్లానింగ్ సీటీ తేదీలు ముందే ఖాయం చేయించుకోండి.

రేడియేషన్‌తో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ విషయానికొస్తే, చదరపు మీటరు లెక్కనే మూడు వారాలకోసారి 100 మిల్లీగ్రాములు, లేదా వారం వారం 40 మిల్లీగ్రాములు ఇస్తారు. మొత్తం కలిపి చదరపు మీటరుకు కనీసం 200 మిల్లీగ్రాములు చేరడం ముఖ్యం. కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్నవారికీ, వాంతులు తట్టుకోలేనివారికీ వారానిదే నయం. ఏదైనా సరే, మొదలుపెట్టే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. సిస్‌ప్లాటిన్ దెబ్బతీసే సన్నని స్వరాల వినికిడి తిరిగి రాదు.

ఐఎంఆర్‌టీయా, ప్రోటానా?

పాతకాలపు పద్ధతిలో రెండు పక్కల నుంచి సూటిగా ఇచ్చే రేడియేషన్ లాలాజల గ్రంథుల్ని మాడ్చేసేది. ఐఎంఆర్‌టీ (కణితి ఆకారానికి తగ్గట్టు కిరణాల తీవ్రతను మార్చి ఇచ్చే పద్ధతి) వాటిని కాపాడుతుంది. చెవి ముందుండే పరోటిడ్ అనే లాలాజల గ్రంథికి సగటు మోతాదు 26 గ్రే లోపు ఉంచగలిగారా అని అడగొచ్చు, కణితి దగ్గరగా ఉంటే అది ఎప్పుడూ కుదరదు. ఎక్స్-రేలకు బదులు ప్రోటాన్ కణాలు వాడే చికిత్సతో నోటికి, మెదడుకు చేరే అనవసరపు మోతాదు ఇంకా తగ్గుతుంది, పిల్లల్లో ఇది విలువైన విషయం. కానీ నయం కావడంలో ఐఎంఆర్‌టీని మించిందని రుజువు లేదు. ప్రోటాన్ కోసం నెలల తరబడి ఎదురుచూడటం నష్టమే.

యంత్రం కన్నా ముఖ్యం మధ్యలో ఆపకపోవడం. నోటి పుండ్ల వల్ల వారం మానేస్తే ఆ వారంలో కణితి కణాలు మళ్లీ పెరుగుతాయి. యంత్రం చెడితేనో పండగ సెలవొస్తేనో పోయిన విడతను వారాంతంలోనో, ఒకే రోజున కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లో ఇచ్చి పూడ్చొచ్చు, అది అడగండి. బరువు తగ్గినకొద్దీ మాస్కు వదులవుతుంది. పడుకుని ఉండగా గడ్డం అటూ ఇటూ కదులుతోందనిపిస్తే ఆ రోజే టెక్నీషియన్‌కి చెప్పాలి, కొత్త మాస్కు, కొత్త ప్లాన్ కావాల్సి రావచ్చు.

చెడిన పన్ను ఇప్పుడు తీయాలా, అయ్యాక తీయాలా?

ఇప్పుడే, రేడియేషన్‌కు కనీసం రెండు వారాల ముందు. రేడియేషన్ పడిన దవడ ఎముకకు రక్తప్రసారం తగ్గుతుంది. తర్వాత పన్ను పీకితే గాయం మానక ఎముకే కుళ్లిపోవచ్చు. ఈ ముప్పు ఏళ్లు గడిచినా పోదు. మిగిలిన పళ్లకు రోజూ ఫ్లోరైడ్ పూయాలి. నోరు తెరిచే వ్యాయామం మొదటి వారం నుంచే మొదలుపెట్టండి. మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. రెండే పడుతున్నాయంటే దవడ బిగుసుకుంటోందని అర్థం.

ముక్కు గొట్టమా, పొట్ట గొట్టమా?

నోటితో తినలేనప్పుడు ఆహారం పంపడానికి గొట్టం పెడతారు. మొదటే అందరికీ పొట్టకు గొట్టం పెట్టడం అవసరం లేదు. మింగడం పూర్తిగా మానేస్తే గొంతు కండరాలు మొద్దుబారి, తర్వాత గొట్టం తీయడం కష్టమవుతుంది. నాలుగు వారాల లోపు అవసరమైతే ముక్కు గొట్టం చాలు. మొదటే బాగా చిక్కిపోయినవారికీ, ఎక్కువ కాలం పడుతుందనిపించినవారికీ పొట్ట గొట్టం సౌకర్యం. ఏది పెట్టినా రోజుకు కొన్ని గుక్కలు నోటితో మింగుతూనే ఉండాలి, డాక్టరు వద్దంటే తప్ప.

తిరగబెడితే ఆపరేషనా, మళ్లీ రేడియేషనా?

మొదటిసారి కుదరని ఆపరేషన్ ఇక్కడ ముందుకొస్తుంది. వ్యాధి మళ్లీ అదే చోట వచ్చి, ఎండోస్కోపీతో తీయగలిగినంతే ఉన్నప్పుడు ఏది మేలో 2021లో వచ్చిన చైనా అధ్యయనం 200 మందిలో పోల్చి చూసింది. మూడేళ్లకు బతికున్నవారు ఆపరేషన్ గుంపులో 85.8 శాతం, రెండోసారి ఐఎంఆర్‌టీ గుంపులో 68 శాతం. ఒకసారి రేడియేషన్ పడిన చోట మళ్లీ వేస్తే కణజాలం కుళ్లి, మెడలోని పెద్ద రక్తనాళం చిట్లి ప్రాణాపాయమైన రక్తస్రావం కావచ్చు. కణితి ఆ నాళాన్ని చుట్టుకున్నా, మెదడు వైపు పాకినా మాత్రం ఆపరేషన్ కుదరదు. అప్పుడు రేడియేషన్, లేదా జెమ్‌సిటాబిన్-సిస్‌ప్లాటిన్‌తో ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొల్పే మందులు) గురించి మాట్లాడాలి. ఈ కలయికలో వాడే టోరిపాలిమాబ్‌కు అమెరికాలో 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఈ నిర్ణయం ఒక్క డాక్టరు తీసుకునేది కాదు. పుర్రె అడుగుభాగపు ఎండోస్కోపీ ఆపరేషన్లు తరచుగా చేసే సర్జనుకు ఎంఆర్‌ఐ చూపించి, ఆయన ‘కుదరదు’ అన్నాకే రెండో రేడియేషన్‌కు ఒప్పుకోండి.