హిబారి పాట కోసం షియోయజాకి దాకా

టోక్యోలో మూడేళ్లుగా ఉంటున్నా, జపాన్ గాయని మిసోరా హిబారి తిరిగిన చోట్లు చూడటం మొన్న అమ్మ వచ్చినప్పుడే కుదిరింది. మూడు రోజులు తిరిగాం.

మొదట యోకోహామా, ఆవిడ పుట్టిన ఊరు. సకురగిచో స్టేషన్‌లో దిగి నోగె వీధుల్లోకి నడిస్తే పొడుగు టోపీ, నల్లకోటు వేసుకున్న పిల్ల విగ్రహం కనిపిస్తుంది. 1949లో, పన్నెండేళ్లప్పుడు హిబారి సినిమాలో కట్టిన వేషం. నిజానికి ఆవిడ చేపల కొట్టు వాళ్ల అమ్మాయి. "బడికెళ్లే ఈడు కదే!" అంది అమ్మ. పది నిమిషాల్లో అయిపోతుంది, దీనికోసమే అంత దూరం వెళ్లక్కర్లేదు. టోక్యో నకమెగురోలో ఆవిడ ఉన్న ఇల్లు మాత్రం తప్పకుండా చూడండి. తెరిచే రోజులు ముందే కనుక్కోండి.

అసలు ప్రయాణం ఫుకుషిమా వైపు. ఉయెనో నుంచి ఇవాకికి ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటల పైనే. రాత్రికి యుమొతోలో ఒక పాతకాలపు సత్రంలో దిగాం. వేడినీటి స్నానానికి అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. భోజనమే ఇబ్బంది. చేప వద్దని ఫోన్‌లో చెప్పినా, సూప్ కాచింది ఎండుచేప నీళ్లతోనే. ఆ నీళ్లు, అంటే 'దాషి' కూడా వద్దని విడిగా చెప్పాలట. అమ్మ అన్నంలో ఆవకాయ కలుపుకుంది.

పొద్దున ఇవాకి స్టేషన్‌కి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. తర్వాతది చాలాసేపటికి గానీ లేదు. టాక్సీ మాట్లాడుకున్నాం. ఖర్చే, కానీ పెద్దవాళ్లతో వెళ్తే అదే నయం.

షియోయజాకిలో కొండ మీద 1899లో మొదట వెలిగి, 1940లో తిరిగి కట్టిన తెల్లటి లైట్‌హౌస్, కింద సముద్రం. 2011 సునామీ ఈ తీరాన్ని ఊడ్చేసింది. కొండ కింద హిబారి విగ్రహం, పక్కనే 'మిదరెగమి' పాట చెక్కిన రాయి. 1987లో కాలి ఎముక జబ్బుతో, కాలేయం జబ్బుతో నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి, బయటికొచ్చాక పాడిన పాట అది. ఆ పాటలో ఈ కొండ ప్రస్తావన ఉంది. మరుసటి ఏప్రిల్‌లో ఆ కాళ్లతోనే టోక్యో డోమ్‌లో నిలబడి దాదాపు 40 పాటలు పాడింది. 1989 జూన్ 24న పోయింది, 52 ఏళ్లకే.

రాయి దగ్గరికి వెళ్లగానే పాట దానంతటదే మొదలైంది. అలల హోరులో గొంతు సన్నగా లేచి, ఒక్కచోట వణికి, మళ్లీ నిలదొక్కుకుంది. భాష రాని అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పాట ఆగాక నాలుగడుగులు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకొచ్చింది. మళ్లీ మొదలైంది. టాక్సీ ఆయన్ని ఇంకో పావుగంట ఆగమన్నాను.