జాగ్రత్త: బేరం కుదిరాక 1911 రూపాయిని తోమి చేతిలో పెట్టాడు

తిరుపతిలో పాత నాణేలు కొనేవాళ్ళు దయచేసి ఇది చదవండి. గోవిందరాజస్వామి గుడి దగ్గరి సందులో నాణేలు, నోట్లు అమ్మే ఆయన సంగతి ఇది. పేరు రాయను, కొనేవాళ్ళలో చాలామందికి ఆయన తెలుసు. నిన్న సాయంత్రం జరిగింది. ఇంకా కోపం తగ్గలేదు, రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

అయిదో జార్జి 1911 రూపాయి ఒకటి ఉందని ఫొటోలు పంపాడు. చూడగానే మనసు పడ్డాను. ఎవరూ ముట్టుకోని బూడిద రంగు, అక్షరాల చుట్టూ నలుపు, అంచు దగ్గర కొంచెం నీలం. రాజు చెంప మీద ఒక నొక్కు, వెనక వైపు ఎవరో వెండో కాదో చూడటానికి గీకిన గీత ఉన్నాయి. అవి రెండూ తెలిసే ఒప్పుకున్నాను. వందేళ్ళకు పైగా చేతులు మారిన నాణేనికి దెబ్బలుంటాయి, వాటితో నాకు పేచీ లేదు. ఆరు వేలకు బేరం కుదిరింది. రెండు వేలు ఫోన్లో పంపి, మిగతాది తీసుకునేటప్పుడు ఇస్తానని చిత్తూరు నుంచి బస్సెక్కాను.

కాగితం పొట్లం విప్పి చేతిలో పెట్టాడు. తెల్లగా తళతళలాడుతోంది. పొరపాటున వేరే నాణెం తీశాడేమో అనుకున్నాను. చెంప మీద నొక్కు, వెనక గీత చూస్తే అదే.

"ఏందన్నా, దీన్ని ఏం చేశావు?" అన్నాను.

"నల్లగా ఉండాది కదా సామీ. విభూది, చింతపండు పెట్టి ఇంట్లో బాగా తోమించినా. ఎంత తెల్లగా వచ్చిందో సూడు. దానికి నేనేం ఎక్కువ అడగలేదులే."

నాకు మేలు చేసినట్టే చెప్పాడు. పండక్కి పూజ సామాన్లు తోమినట్టు తోమేశారు! లెన్సు పెట్టి దీపం కింద వంచి చూస్తే రాజు ముఖం మీద, మెడ మీద, ఖాళీ జాగా అంతా వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకి.

1911 రూపాయిని జనం ఎందుకు వెతుక్కుంటారో అది అమ్మేవాడికి తెలియదా? రాజు అంగీ మీది హారంలో చిన్న ఏనుగు ఉంటుంది. దాని తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని జనం అభ్యంతరం చెబితే, 1912 నుంచి ఆ బొమ్మ మార్చారు. అందుకే దీన్ని పంది రూపాయి అంటారు. సరిగ్గా ఆ ఏనుగు దగ్గరే గట్టిగా రుద్దారు. తొండం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇప్పుడు తెలియడం లేదు. ఫొటోలో స్పష్టంగా ఉంది.

అడ్వాన్సు వెనక్కి ఇమ్మన్నాను. అంతే, మనిషి మారిపోయాడు. పక్కన ఇంకో ఇద్దరు కొనేవాళ్ళు ఉండగానే గొంతు పెంచాడు.

"వెండి తెల్లగా కాకుండా నల్లగా ఉంటాదా? నలుపే కావల్లంటే ఇంటికి పోయి పొగలో పెట్టుకో. అడ్వాన్సు తిరిగిచ్చే అలవాటు మాకు లేదు. తీసుకుని నచ్చకపోతే కంసాలికిచ్చి కరిగించుకో."

కరిగించుకో అన్న మాటే ఇప్పటికీ గుచ్చుతోంది. ఆ ఏడాది కలకత్తా, బొంబాయి టంకశాలల్లో కొట్టిన రూపాయలు దాదాపు 94 లక్షలు. జనంలోకి వెళ్ళినవి 7 లక్షలే, మిగతావన్నీ కరిగించేశారు. అలా తప్పించుకుని ఇన్నేళ్ళు నిలిచిన నాణెం అది. దాన్ని 11.66 గ్రాముల వెండి ముక్కలా చూసేవాడు ఈ వ్యాపారంలో ఎందుకున్నాడు?

ఆ నలుపు మురికి కాదని నాకు చేతనైనట్టు చెప్పి చూశాను. గాలిలోని గంధకంతో పైపొర వెండి కలిసి ఏళ్ళ తరబడి ఆ రంగు వస్తుంది. రంగు తీశారంటే దాంతో పాటు కొంత వెండి కూడా పోయినట్టే. గీతలు పడితే ఇక ఎప్పటికీ పోవు, మళ్ళీ నల్లబడినా అడుగున కనిపిస్తూనే ఉంటాయి. నాణెం ఎంత బాగుందో చూసి నంబరు వేసి డబ్బాలో సీలు చేసిచ్చే గ్రేడింగు సంస్థకు పంపినా నంబరు రాదు, క్లీన్ చేసినదని ఆ డబ్బా మీదే రాస్తారు. ఇంత చెప్పినా ఆయన వినలేదు, నా వైపు చూడకుండా ఇంకొకరికి నోట్లు చూపించడం మొదలుపెట్టాడు. నాణెం అక్కడే పెట్టి వచ్చేశాను. రెండు వేలు ఆయన దగ్గరే ఉన్నాయి.

ఇది రాయడానికి అసలు కారణం డబ్బు కాదు. ఆ నాణెం ఇప్పుడు అమ్మకానికి వస్తుంది. వాడకానికి పోని కొత్త సరుకని చెప్పి అమ్మవచ్చు, గంధకం పట్టించి నల్లగా చేసీ అమ్మవచ్చు. గుర్తులు చెబుతున్నాను: 1911, బొంబాయి టంకశాల గుర్తుగా వేసే చుక్క లేనిది, అంటే కలకత్తాది, రాజు చెంప మీద నొక్కు, వెనక గీకిన గీత. వాడిన నాణెమై ఉండి అంతటా ఒకే తెలుపు ఉంటే, లేదా అక్షరాల సందుల్లో మాత్రం నలుపు మిగిలి ఉంటే అనుమానించండి. దీపం కింద తిప్పి చూడండి, అసలు మెరుపు మిగిలి ఉంటే నాణెంతో పాటు తిరుగుతుంది, తోమిన తెలుపు అలా తిరగదు.

బేరం మాట్లాడేటప్పుడే 'దేనితోనూ కడగకండి, తుడవకండి' అని మెసేజ్‌లో రాయండి. నాణెం చేతిలోకి రాకముందు డబ్బు వేయకండి. మీ దగ్గరున్న వాటికి ప్లాస్టిక్ కవర్ల వల్ల జిగటగా పచ్చ మరక వస్తే, కిటికీ తెరిచి, మంటకు దూరంగా, స్వచ్ఛమైన అసిటోన్‌లో నానబెట్టి తీసి, రుద్దకుండా ఆరనివ్వండి. గోళ్ళరంగు తీసే నీళ్ళు వద్దు, వాటిలో వేరేవి కలుస్తాయి. మామూలు నలుపును అలాగే వదిలేయండి.

తోమకముందు ఆయన పంపిన ఫొటోలు, నేను అక్కడ తీసినవి రెండూ నా దగ్గర ఉన్నాయి. 1911 రూపాయి కొనబోతున్నవాళ్ళు అడిగితే పంపుతాను.