ఓమ్ రీడింగా, టాంగ్ టెస్టరా, మీటర్ లైటా: వాట్లు లెక్కగట్టడానికి ఏది మేలు?

ఇంట్లో ఒక వస్తువు రెసిస్టెన్స్ ఎంత, అది ఎన్ని వాట్లు లాగుతోంది అని చూడటానికి మూడు దారులున్నాయి. ప్లగ్గు పీకి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి పిన్నుల మీద ఆనించడం ఒకటి. వస్తువు నడుస్తుండగా వోల్టేజీని, టాంగ్ టెస్టర్‌తో (వైరును తెంచకుండా దవడలో పట్టి కరెంటు చూపించే క్లాంప్ మీటర్) ఆంపియర్లను కొలిచి లెక్క చేయడం రెండోది. మీటర్ బోర్డులో మినుకుమనే ఎర్ర లైటును లెక్కపెట్టడం మూడోది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు, గుణిస్తే వాట్లు. ఇది బడిలో అందరం చదివిందే. ఆ అంకెలను ఎప్పుడు, ఎక్కడ కొలిచామన్న దగ్గరే తేడా కొడుతుంది.

హీటర్ రాడ్, ఇస్త్రీ పెట్టె, గీజర్ లాంటి వేడెక్కే సామాన్లకు ఓమ్ రీడింగ్ చక్కగా సరిపోతుంది. 230 వోల్టుల దగ్గర 1500 వాట్లు అని రాసున్న రాడ్ రెసిస్టెన్స్ 35 ఓముల చిల్లర ఉండాలి (230×230÷1500). అందులోని నిక్రోమ్ తీగ వేడెక్కినా రెసిస్టెన్స్ పెద్దగా మారదు కాబట్టి చల్లగా కొలిచినా లెక్క కుదురుతుంది. 750 వాట్ల ఇస్త్రీ పెట్టెకైతే 70 ఓములు. కొలిచేటప్పుడు దాని నాబ్ ఆఫ్‌లో ఉంటే మీటర్ ఎడమ మూల ఉత్త ‘1’ చూపించి ఊరుకుంటుంది. ఎలిమెంట్ పోయిందనుకుని పెట్టెను రిపేరుకు మోసుకెళ్లకండి, ముందు నాబ్ తిప్పి చూడండి.

అదే పాతకాలపు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు దగ్గర ఈ పద్ధతి బోల్తా పడుతుంది. వెలుగుతున్నప్పుడు దాని రెసిస్టెన్స్ 529 ఓములు. ఆర్పి, చల్లారాక కొలిస్తే అందులో పదో వంతు కూడా రాదు. ఆ రీడింగ్ పట్టుకుని వాట్లు లెక్కేస్తే వెయ్యి దాటేస్తుంది! టంగ్‌స్టన్ తీగ కాలే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరిగిపోవడమే కారణం.

నా ఓటు రెండో పద్ధతికే. టాంగ్ టెస్టర్ దవడలో ఫేజు వైరు ఒక్కటే ఉండాలి. మొత్తం కార్డును పట్టిస్తే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. అలాగని కార్డు తోలు ఒలవక్కర్లేదు, వైర్లు విడిగా ఉన్న చిన్న ఎక్స్‌టెన్షన్ ఒకటి చేయించుకుంటే చాలు. ఆంపియర్ల కోసం మామూలు మల్టీమీటర్ వైరును దాని 10 ఆంప్స్ సాకెట్‌లో పెట్టి, అలాగే మరిచిపోయి ప్లగ్ పాయింటులో గుచ్చితే మాత్రం నేరుగా షార్టే. టాంగ్ టెస్టర్‌కు ఆ గండం లేదు.

ఈ పద్ధతి అసలు సత్తా సాకెట్ దగ్గర తెలుస్తుంది. రాడ్ వేయకముందు సాకెట్‌లో 232 వోల్టులున్నాయి, వేశాక 224కు దిగింది, టాంగ్ టెస్టర్ 6.35 ఆంపియర్లు చూపిస్తోంది అనుకుందాం. 8 వోల్టులు దారిలోనే పోయాయి. 8ని 6.35తో భాగిస్తే ఆ దారి రెసిస్టెన్స్ సుమారు 1.26 ఓములు. గుణిస్తే 51 వాట్లు, అంతా ఉత్త వేడి. అది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే పొడవాటి వైర్లలో పంచుకుపోతే భయం లేదు. లూజుగా ఉన్న ఒక్క సాకెట్‌లోనే పుడితే ప్లగ్గు నల్లబడి కరుగుతుంది. ఎక్కడుందో తేల్చడానికి మీటర్ బోర్డు దగ్గర కూడా ఇలాగే కొలవండి. అక్కడ 2 వోల్టులే పడిపోతే మిగతా 6 వోల్టులు మీ ఇంటి వైరింగ్ తింటున్నట్టే. కరెంటు తీసేసి పెట్టే ఓమ్ మీటర్ ఈ సంగతి పట్టుకోలేదు.

లో వోల్టేజీ ఊళ్లలో నీళ్లు ఎందుకు త్వరగా కాగవో కూడా దీంతోనే తెలుస్తుంది. 190 వోల్టుల దగ్గర అదే రాడ్ 1023 వాట్లే ఇస్తుంది. 20 లీటర్ల బకెట్‌ను 20 డిగ్రీల నుంచి 45కు తేవడానికి, బయటికి పోయే వేడి వదిలేసినా, 23 నిమిషాల బదులు 34 నిమిషాలు పడుతుంది.

మోటార్ల దగ్గరికొచ్చేసరికి రెండు పద్ధతులూ తడబడతాయి. వైండింగ్ 5 ఓములు చూపించిందని 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు వస్తాయి. నడుస్తున్న 1 హెచ్‌పీ మోటారు అంత లాగదు, ఆరేడు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. ఓమ్ రీడింగ్ వైండింగ్ తెగిందా లేదా చూడటానికి పనికొస్తుంది, వాట్లకు కాదు. పోనీ 230ని 6తో గుణిస్తే 1380. అవి కూడా పూర్తి వాట్లు కావు, పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంపియర్ల గుణకారంలో నిజంగా వాట్లయ్యే వంతు) 0.9 అయితే అసలు వాట్లు 1242. ప్లేటు మీద 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు కదా అంటారేమో, అది షాఫ్ట్ దగ్గర దక్కేది, లైను నుంచి లాగేది కాదు. పైగా వోల్టేజీ పడిపోతే రాడ్ తక్కువ ఆంపియర్లు లాగుతుంది, లోడు మీదున్న బోరు మోటారు ఎక్కువ లాగి వైండింగ్ కాల్చుకుంటుంది. అందుకే స్టార్టర్ దగ్గర వోల్టేజీ ఒక్కటే చూసి మురిసిపోకుండా ఆంపియర్లు కూడా చూడాలి.

బిల్లు టెన్షన్ ఉన్నవాళ్లకు మీటర్ లైటే మేలు. మీటర్ మీద 3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్ అని ఉంటే 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. మిగతావన్నీ ఆఫ్ చేసి, ఒక మెరుపు నుంచి పదో మెరుపు వరకు ఎన్ని సెకన్లో చూడండి (మొదటిదాన్ని సున్నాగా లెక్కపెట్టాలి). 11,250ని (10×36,00,000÷3200) ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు. 15 సెకన్లు పడితే 750. పవర్ ఫ్యాక్టర్ గొడవ మీటరే చూసుకుంటుంది, పైసా ఖర్చు లేదు. 9 వాట్ల బల్బు దగ్గర మాత్రం ఒక్కో మెరుపుకు రెండు నిమిషాలు కాచుకు కూర్చోవాలి.

డబ్బు పెట్టి ఒకటే కొనాలంటే వోల్టులు, ఓములు కూడా చూసే టాంగ్ టెస్టర్ కొనండి. ఇంటికి ఏసీ చూపించేది చాలు. సోలార్ ప్యానెల్, ఇన్వర్టర్ బ్యాటరీ వైర్ల ఆంపియర్లు కొలవాలంటే డీసీ కరెంటు కూడా చూపిస్తుందో లేదో షాపులో అడిగి తీసుకోండి, చవకవి చాలావరకు ఏసీ ఆంపియర్లే చూపిస్తాయి.