బీమ్‌ఎన్‌జీ డ్రైవ్‌లో రేకు నలిగే తీరు, అద్దం పగిలే తీరు

కారు గుద్దుకుంటే ఏమవుతుందో చూపించడంలో బీమ్‌ఎన్‌జీ డ్రైవ్‌కు సాటి రాగల కంప్యూటర్ ఆట నాకు ఇంతవరకు తగల్లేదు. అయితే కొన్నేళ్లుగా ఆడుతూ వస్తే తేలిందేమిటంటే, దాని పనితనమంతా రేకులోనే ఉంది. అద్దం దగ్గరికి వచ్చేసరికి అదీ మిగతా ఆటల బాటే పట్టింది.

2015లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే అమ్మకానికి వచ్చిన ఈ జర్మన్ ఆటలో ప్రతి కారూ నోడ్‌లనే బిందువులతోనూ, వాటిని కలిపే బీమ్‌లతోనూ అల్లినదే. ఏ బీమ్ ఎంత బలానికి శాశ్వతంగా వంగాలో, ఎంత బలానికి తెగాలో ముందే నిర్ణయించి, ఆ లెక్కను సెకనుకు 2000 సార్లు చేస్తారు కాబట్టి, ఇక్కడ ముందుగా తయారుచేసి పెట్టిన సొట్ట అంటూ ఉండదు. ఆటలోని ఇబిషు కోవెట్ అనే చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, ముందుభాగంలో సగమే తగిలేలా గోడకు కొట్టి స్లో మోషన్‌లో చూడండి. బంపర్ ఒక పక్క ఊడి వేలాడుతుంది, బానెట్ మధ్యలో మడత పడుతుంది, ఆ వెంటనే చక్రం వెనక్కి నెట్టుకుపోతుంది. ఆ తరువాత బండి కదిలినా, స్టీరింగ్ ఒక పక్కకే లాగుతుంది.

ఇక అద్దం సంగతి. నిజమైన కారులో ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికించి చేసింది కనుక పగిలినా ఊడి రాదు. పక్క కిటికీల అద్దాలకు వాడేది వేడిచేసి వేగంగా చల్లార్చిన గాజు కనుక ఒక్కసారిగా చిన్న చిన్న పలుకులై రాలిపోతుంది. ఈ తేడాను ఆట చక్కగా పాటించింది, చప్పుడు కూడా బాగా కుదిరింది. కానీ ముందు అద్దం మీద పగుళ్లు దెబ్బ తగిలిన చోటు నుంచి పాకవు. ఎడమ మూల నలిగినా కుడి మూల నలిగినా, పగుళ్ల బొమ్మ ఒకటే అద్దమంతా ఒకేసారి పరుచుకుంటుంది. పక్క అద్దాల పలుకులు తళుక్కుమని రోడ్డును తాకీ తాకకముందే మాయమవుతాయి. ప్రతి పలుకునూ విడి వస్తువుగా లెక్కిస్తే ప్రాసెసర్ మోయలేదన్నది నేనూ ఒప్పుకుంటాను, కానీ రోడ్డు మీద పలుకుల మరకైనా ఉంచడానికి పెద్ద ఖర్చేముంటుంది?

చెదిరినవి రోడ్డు మీదే మిగలడమనే ఈ ఒక్క విషయంలో ఫిన్లాండ్ నుంచి 2018లో వచ్చిన రెక్‌ఫెస్ట్ అనే కార్ల పందెం ఆట నాకు ఎక్కువ నచ్చింది. అందులో రేకు నలిగే తీరు ఇంత సూక్ష్మంగా ఉండదు, కానీ అడ్డుగా పేర్చిన టైర్ల వరుసలు చెదిరితే ఆ టైర్లు ట్రాక్ మీదే ఉండిపోయి తరువాతి చుట్టులో చక్రాలకు అడ్డుపడతాయి.

బీమ్‌ఎన్‌జీలో ఊడిన డోరు, బంపర్ రోడ్డు మీదే పడి ఉంటాయి. మరో కారు వాటి మీదుగా పోతే ఎగిరిపడుతుంది కూడా. అయితే కారును రీసెట్ చేయగానే అవన్నీ తిరిగి దానికే అతుక్కుంటాయి. వాటిని అలాగే ఉంచాలంటే నలిగిన కారును అక్కడే వదిలి ఇంకోటి తెచ్చుకోవాలి, తెచ్చుకున్న ప్రతి కారూ ప్రాసెసర్‌కు అదనపు బరువే. మామూలు ల్యాప్‌టాప్‌లో నాలుగైదు కార్లు దాటితే ఆట నత్తనడకన సాగుతుంది కనుక, కొనేముందు గ్రాఫిక్స్ కార్డు కంటే ప్రాసెసర్‌నే చూసుకోవడం మంచిది.